గొళ్ళెం పెట్టిన పూజ

ఇంతవరకు పైకి అనని మాట ఒకటుంది. బతికున్న మా అమ్మను లేదని చెప్పి నేను ఇల్లు సంపాదించుకున్నాను.

గుంటూరులో నాకది మొదటి అద్దె ఇల్లు. అంతకుముందు అయిదు చోట్ల "ఒంటరి ఆడపిల్లకి ఇవ్వమమ్మా" అన్నారు. ఆరోచోట ఓనరు రత్నకుమారి గారు అలా అనలేదు. "మీ వాళ్ళొచ్చి నెలల తరబడి ఉండిపోతారా? మాకు నీళ్ళ ఇబ్బంది. అమ్మెక్కడుంటుంది?" అని మాత్రం అడిగారు. "అమ్మ లేదండీ" అనేశాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అప్పటికప్పుడు తాళాలు చేతిలో పెట్టారు. ఆ రోజునుంచీ తల్లి లేని పిల్లనని గిన్నెలో కూర పంపిస్తున్నారు. తింటున్నాను.

అమ్మ చీరాలలో అంగన్‌వాడీ ఆయా. పాలు పొంగించకుండానే ఇంట్లో చేరిపోయానని ఫోన్లో చీవాట్లు పెట్టి, గురువారం తానే వచ్చి పొంగిస్తానంది.

మస్తానయ్య గారు పుస్తకాలు బైండింగు చేస్తూ తత్త్వాలు చెప్పే పెద్దాయన. ఆదివారాలు నలుగురైదుగురం ఆయన చుట్టూ చేరతాం. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చేతిలో పని ఆపకుండా తనకు జరిగిందేదో చెబుతారు, అంతే. నిన్న ధైర్యం చేసి అడిగాను.

"గురువుగారూ, ఒకమ్మాయి ఉందనుకోండి. ఇల్లు పోకుండా ఉండడానికి వాళ్ళమ్మని రెండ్రోజులు పిన్నీ అని పిలిస్తే తప్పవుతుందా?"

"ఆ ఒకమ్మాయి మాకు తెలిసినమ్మాయేనా?" అన్నాడు మాతోపాటు ఆదివారాలు వచ్చే కోటేశు. అందరూ నవ్వారు. మస్తానయ్య గారు నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కించి మొదలుపెట్టారు.

"పెళ్ళైన కొత్తల్లో మేమూ అద్దెకి దిగాం. ఓనరు కామాక్షమ్మ గారు నీసు తినేవాళ్ళకి ఇవ్వనన్నారు. మేం ముట్టుకోమని చెప్పాను. ఆదివారం వచ్చేసరికి మా ఆవిడ చేపలు లేకుండా ఉండబట్టలేకపోయింది."

"ఏం చేపలు?" అన్నాడు కోటేశు.

"ఎండు నెత్తళ్ళు. తలుపులూ కిటికీలూ మూసి, గుప్పెడు అగరొత్తులు వెలిగించి వేయించేది. ప్రతి ఆదివారం ఇదే తంతు. ఆ పొగ చూసి కామాక్షమ్మ గారు మేం మహా భక్తులమనుకున్నారు. వీధంతా చెప్పారు. ఓ ఆదివారం కొబ్బరికాయ పట్టుకొచ్చి తలుపు కొట్టారు, 'నాయనా, నన్నూ పూజలో కూర్చోనివ్వండి' అని. మా ఆవిడ చేతిలో మూకుడు. పూజ మధ్యలో గొళ్ళెం తీయకూడదన్నాను. 'అలాగే, అయ్యేదాకా ఇక్కడే ఉంటాను' అని ఆవిడ గడప బయట చేతులు జోడించుకుని కూర్చున్నారు. మేం లోపల కంచాల ముందు కూర్చున్నాం. ముద్ద దిగలేదు."

కోటేశు ముందుకు జరిగి కూర్చున్నాడు.

"తర్వాత తెలిసిపోయిందా?" అన్నాను.

"లేదు. నేను చెప్పలేదు. ఆ నెలాఖరుకి మేమే ఖాళీ చేశాం. వెళ్ళేటప్పుడు పెద్దావిడ మా ఆవిడకి బొట్టు పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు."

"ముందే నిజం చెప్పి ఉంటే వెళ్ళిపొమ్మనేవాళ్ళు కదండీ?"

"అనేవాళ్ళేమో." ఆయన దారం కొస పళ్ళతో తెంపారు. "ఆ ఇంటికి మూడు కిటికీలుండేవి తల్లీ. వాటిలోంచి వీధి ఎలా కనబడుతుందో మాకిప్పటికీ తెలీదు."

ఆపైన ఇంకో పుస్తకం అందుకున్నారు.

రాత్రంతా ఆలోచించాను. అమ్మకు పిన్ని వేషం ఎలా వేయించాలో కాదు, అది నిన్నటిదాకా. ఫోను ముందు ఎవరికి చేయాలా అని. అమ్మతో చెప్పాల్సింది పెద్దగా లేదు, త్వరగా రమ్మనడం తప్ప. నిజం చెబితే రత్నకుమారి గారు ఇల్లు ఖాళీ చేయమనొచ్చు. పంపిన కూరలన్నీ గుర్తు చేసుకుని ఏడవనూ వచ్చు. రెండోదే నాకెక్కువ భయం. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసి మూడింటికి లేస్తారు. ఇప్పుడు మూడు దాటింది. ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం లేదు, ముందు ఆవిడకే ఫోను చేస్తున్నాను.