కునికిపాట్ల కంప్యూటర్

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి.

ఒక రాజుగారి కొలువులో కంప్యూటర్ ఉండేది. దాని బాగోగులు చూసేది పోలమ్మ. ఒకరోజు మంత్రి రుసరుసలాడుతూ వచ్చాడు.

"ప్రభూ! భోంచేసి వచ్చినప్పట్నుంచీ కదలకుండా దాని ముందే పనిచేస్తున్నాను. అదేమో నిద్రపోతోంది! ఈ పోలమ్మను కొలువులోంచి తీసేయండి."

పోలమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"కరెంటు ఆదా అవుతుందని నేనే అలా పెట్టాను ప్రభూ. మీటలు నొక్కుతున్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. అరగంట ఎవరూ ముట్టుకోకపోతేనే పడుకుంటుంది. మరి ముందు పడుకున్నదెవరో మంత్రిగారినే అడగండి."

సభంతా గొల్లున నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ, "మరి మంత్రిగారు చురుగ్గా పనిచెయ్యాలంటే ఏ మీట నొక్కాలి పోలమ్మా?" అన్నాడు.

"మీటెందుకు ప్రభూ, రెండోసారి పెరుగన్నం వడ్డించకండి చాలు!"

ఇక లేవండర్రా, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. రేపు బళ్లో కునికారో, పెరుగన్నం ఎన్నిసార్లు తిన్నారో నాకు తెలిసిపోతుంది!