కొక్కెం మీద బుద్రన్న చెయ్యి

నాలుగేళ్లుగా నూకరాజుకి కడుపులో ఒకటే మంట. దానికి మందు లేదు. ఎందుకంటే దాని పేరు బుద్రన్న.

బుద్రన్న అతని గురువు. ఒకప్పుడు తీగలు పట్టుకుని కొండచరియల్లో తేనెపట్లు తీసినవాడు. ఇప్పుడు అదే కొండమీద జిప్‌లైన్ నడుపుతున్నాడు. మంచె మీద మనిషికి బెల్టు కట్టి, కొక్కెం తీగకి తగిలిస్తే, లోయ మీదుగా జారుకుంటూ పోయి అవతల జలపాతం దగ్గర దిగుతారు. అక్కడి మడుగులో ఈత.

బెల్టు కట్టేది నూకరాజు. కట్టాక బుద్రన్న వస్తాడు. కొక్కెం రెండుసార్లు గుంజుతాడు, దాని మర బిగిసిందో లేదో వేలితో తిప్పి చూస్తాడు, అప్పుడు "ఎల్లమ్మా" అని పంపుతాడు. నాలుగేళ్లలో ఒక్క మనిషికీ ఇది తప్పలేదు. నూకరాజుకి ట్రైనింగు సర్టిఫికెట్టు ఉంది. లామినేషన్ కూడా చేయించాడు. బుద్రన్న వేలికి చదువు రాదు కాబట్టి ఆ సంగతి దానికి తెలీదు.

ఆ ఆదివారం ఒక టీచరమ్మ వచ్చింది. బుద్రన్న కొక్కెం గుంజుతుంటే, ఆవిడ నూకరాజు నెరిసిన మీసం వంక జాలిగా చూసి, "పాపం, ఈయన ఇంకా నేర్చుకుంటున్నారా?" అంది.

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

నూకరాజుకి కోపం ఎప్పుడూ చెవుల దగ్గర మొదలవుతుంది. ఆవిడ జారి అవతలికి చేరేదాకా ఆగాడు. అంతే ఆగగలిగాడు.

"నాలుగేళ్లు గురువుగారూ! నా చేత్తో కట్టింది ఒక్కటంటే ఒక్కటి ఊడిందా?"

"నేదు."

"మరి నామీద నమ్మకం లేదా? నలుగురిలో పరువు తీస్తారా? ఇంక నావల్ల కాదు. ఇవాళే పోతాను!"

జలపాతం హోరులో వినపడదని అరిచానని తర్వాత చెప్పుకున్నాడు. మంచె దగ్గరికి ఆ హోరు రాదు.

బుద్రన్న ఇంకో బెల్టు తీసి తనే తొడుక్కుని, చేతులు దూరంగా పెట్టి నిలబడ్డాడు.

"పోయేముందు నాకు కట్టు."

నూకరాజు కట్టాడు. చేతులు పట్టీలు లాగుతున్నాయి, కొక్కెం తగిలిస్తున్నాయి, నోరు మాత్రం ఆగలేదు. "ఆ సర్టిఫికెట్టు చించి మడుగులో పారేస్తాను... ఎవడిక్కావాలి..."

బుద్రన్న కొక్కెం వంక చూడలేదు. గుంజలేదు. నేరుగా వెళ్లి మంచె అంచున నిలబడ్డాడు. సగం పాదాలు గాల్లో ఉన్నాయి.

"తొయ్యి."

నాలుగేళ్లుగా కోరుకున్నది ఇదే. నూకరాజు చెయ్యెత్తాడు. కింద లోయ కనబడింది.

మర తిప్పాను కదా? తిప్పాను. తిప్పినట్టే ఉంది. తిప్పింది ఈయనకా, టీచరమ్మకా?

"ఆగండి!"

ఒక్క అంగలో వెళ్లి కొక్కెం రెండుసార్లు గుంజాడు. మర తిప్పి చూశాడు. కదల్లేదు. బిగిసే ఉంది.

"ఎవుడు బిగించాడు?" అన్నాడు బుద్రన్న.

"నేనే."

"మరి ఎవుడి మీదరా నీకు నమ్మకం నేదు?"

బుద్రన్న అంచు మీంచి వెనక్కొచ్చి బెల్టు విప్పేశాడు.

వరసలో ముందున్నాయన ఇదంతా చూసి బెదిరిపోయాడు. తనకి కొక్కెం తగిలిస్తుంటే మెల్లగా అడిగాడు, "ఏవండీ, మీకు ఈ పని వచ్చా?"

నూకరాజు చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నేర్చుకుంటున్నానండీ" అని, మర బిగించి, పక్కకి జరిగి బుద్రన్న చేతికి చోటిచ్చాడు.