నెమలికన్ను మీద గళ్ళు

అనగనగా కొండ కింద, చోడిచేల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో వీరాచారి అనే వడ్రంగి ఉండేవాడమ్మా. అతని అటక మీద ఒక అక్రోటు చెక్క ఉండేది. వాళ్ళ నాన్న ఎక్కడో ఉత్తరాది నుంచి మోసుకొచ్చింది. తేనెరంగు మీద నల్లటి చారలు ఏటినీళ్ళలా మెలికలు తిరిగి, ఒకచోట అచ్చం నెమలికన్నులా చుట్టుకున్నాయి. ఎవరడిగినా ఆ చెక్క ఇచ్చేవాడు కాదు.

ఆ ఊరి చేలకు కాపలా పోలమ్మ. ఊరికున్న ఒక్క తుపాకీ ఆమె దగ్గరే ఉండేది. చిన్నప్పుడు చెరకుగానుగలో నలిగి ఆమె కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. ఒక వానాకాలం తుపాకి బండ మీద పడి, భుజానికి ఆనించే కొయ్య చీలిపోయింది.

అప్పుడు పోలమ్మ వీరాచారి దగ్గరికి వచ్చి, “తమ్ముడూ, అడవిపందులు చేలోకి దిగుతున్నాయి. కొయ్య ఒకటి చేసిపెట్టు” అంది.

మొదట మద్దికర్రతో చేశాడు. బరువెక్కువై ఆమె ఎత్తలేకపోయింది. ఆ తర్వాత బూరుగుతో చేశాడు. ఒక్కసారి పేల్చగానే బీటలిచ్చింది. అప్పుడిక అక్రోటు చెక్క దింపాడు.

నున్నగా చిత్రిక పట్టి అవిసెనూనె రుద్దాడు. నెమలికన్ను సరిగ్గా చెయ్యి పట్టేచోట పడింది. జారకుండా అక్కడ గళ్ళు చెక్కాలి. చెక్కితే కన్ను చెరిగిపోతుంది. మనసొప్పక దాన్ని వదిలేసి, చుట్టూ మాత్రం చెక్కాడు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు.

ఆ తర్వాత ఒక పొద్దున, వానలో, పందులు చేలో పడ్డాయి. పోలమ్మ తుపాకి ఎత్తింది. తడిచెయ్యి నున్నటిచోట జారింది. గుండు గాలిలోకి పోయింది. బెదిరిన పంది ఆమె తొడ చీల్చింది.

వీరాచారి చూడబోయాడు.

“పట్టు దొరకలేదు తమ్ముడూ” అంది పోలమ్మ.

“అక్కడ నేనే చెక్కలేదప్పా. అందంగా ఉందని వదిలేశాను.”

ఆమె మూలనున్న తుపాకి వైపు చూపించింది.

అప్పుడు వీరాచారి, ఆమె వేళ్ళ పట్టు ఎక్కడ పడుతుందో తెలిసేలా, ఆమె చేత బంకమన్ను ముద్ద పిసికించి, ఆ అచ్చునూ తుపాకినీ ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని చూసుకుంటూ నెమలికన్ను మీద ఉలి పెట్టాడు. వాలుగా ఒక వరస, ఎదురువాలుగా ఒక వరస. ఆవగింజలంత గళ్ళు లేచాయి. కన్ను పోయింది.

గాయం మానాక పోలమ్మ కుంటుకుంటూనే చేలోకి వెళ్ళింది. మళ్ళీ వాన పట్టింది. ఇంట్లో ఉన్న వీరాచారికి తుపాకి చప్పుడు వినబడింది. పని ఆపేశాడు. ఎంతసేపటికీ ఇంకే చప్పుడూ రాలేదు. లేచి గుమ్మంలోకొచ్చాడు.

అప్పుడు చేలవైపు నుంచి, పందుల్ని అడవిలోకి తరుముతూ పోలమ్మ పెట్టే కేక వినబడింది. లోపలికెళ్ళి చిత్రిక అందుకున్నాడు.

కథేమో కంచి బాట పట్టింది,
మా చిట్టితల్లి కంటికి కునుకు పట్టింది.