చీనీ మేడ గడప

అనగనగా ఒక రాజు. ఆయన కథ జ్యేష్ఠ శుద్ధ దశమి గురువారం నాడు, సరిగ్గా దీపాలు పెట్టే వేళకి మొదలైంది. మా ఇంట్లో ఆ తిథినీ ఆ వేళనూ ఎవరూ మరిచిపోలేదు. మా నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది, ఆవిడ నాకు చెప్పింది, నేను మీకు చెబుతున్నాను. ఊఁ కొడుతూ వినండి.

ఆ రాజు పేరు వీరభోజుడు, రాణి పేరు చంపకవల్లి. రాణి పుట్టిల్లు ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ఉంది. వాళ్ళ ముత్తాత చీనాదేశపు పిల్లని పెళ్ళాడి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల పుట్టింటి మీద బెంగపెట్టుకుంటే, చీనా వడ్రంగుల్ని పిలిపించి అచ్చం ఆమె పుట్టింటిలాంటి మేడ కట్టించాడు. కప్పు కొసలు పడవ ముక్కుల్లా పైకి లేచి ఉంటాయి. పెంకులు నెమలి మెడ రంగు. స్తంభాలకి మీసాల పాములు చుట్టుకుని ఉంటాయి. కిటికీలు నిండు చందమామల్లా గుండ్రం. గడప మాత్రం మోకాలెత్తు. ఇక చూరు చుట్టూ చిన్న చిన్న కంచుగంటలు.

గాలి వీచి ఆ గంటలు మోగితే, ఏడు సముద్రాల ఇవతల రాణికి వినిపించేవి. ఆ చప్పుడు వింటేనే ఆవిడకి నిద్ర పట్టేది.

ఆ గురువారం దీపాల వేళ గంటలు ఆగిపోయాయి. రాణికి కన్ను మూతపడలేదు. మర్నాడూ పడలేదు, ఆ మర్నాడూ పడలేదు. వైద్యులు వచ్చారు, లేపనాలు పూశారు, వెళ్ళారు. చివరికి ఒక సాధువు వచ్చి, "ధూమకేశుడనే మాంత్రికుడు ఆ మేడలో చేరి గాలిని కట్టేశాడు. అమావాస్య లోపల గంటలు మోగకపోతే తల్లి దక్కదు" అన్నాడు.

రాజుకి ముగ్గురు కొడుకులు. జయవర్ధనుడు, శూరవర్ధనుడు, నందివర్ధనుడు.

పెద్దవాడు గుర్రమెక్కాడు. రాజుగారి తల్లి, అంటే పిల్లల అవ్వ, ఒక మూట తెచ్చింది. "పెరుగన్నం, గుప్పెడు నూకలు, ఒక జామపండు. దారిలో ఆసరా నాయనా."

"యుద్ధానికి వెళ్ళేవాడికి జామపండెందుకవ్వా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

రేవులో ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటి మేడ ముందు దిగాడు. తల ఎత్తి చూశాడు. ఆ పెంకులు, ఆ కొసలు, ఆ మీసాల పాములు! మా అమ్మ ఇక్కడ ఆడుకుందా అనుకుంటూ, తల దించకుండా నడిచి గడప మీద కాలు వేశాడు. అంతే, పింగాణీ బొమ్మ అయిపోయాడు.

రెండోవాడు బయల్దేరాడు. మూట వద్దన్నాడు. మేడ చేరాడు. గడప దగ్గర ఆగాడు కూడాను. లోపల్నుంచి ధూమకేశుడు నవ్వుతూ వచ్చి, "అలసి వచ్చావు, ఈ గంట పట్టుకెళ్ళి మీ అమ్మ మంచానికి కట్టు" అని గడప మీదుగా చెయ్యి చాపాడు. శూరవర్ధనుడు సంతోషంగా అందుకున్నాడు. అంతే, పింగాణీ బొమ్మ అయిపోయాడు.

ఇక మూడోవాడు. చిన్నప్పట్నుంచీ అవ్వ గడపలకి పసుపు రాస్తుంటే కుంకుమ గిన్నె పట్టుకుని వెనకాలే తిరిగినవాడు. "నువ్వైనా మూట తీసుకెళ్తావా?" అంది అవ్వ.

"రెండు జామపండ్లు పెట్టకూడదూ?"

"ఒకటే ఉంది. నీ తిండిపోతుతనం మీ తాతది."

నందివర్ధనుడు సముద్రపొడ్డున మూట విప్పాడు. ముసలి తాబేలొకటి నీరసంగా ఇసకలో పడి ఉంది. పెరుగన్నమంతా దానికే పెట్టాడు. "పెరుగన్నం తిని ఎన్నాళ్ళయిందో! నా వీపెక్కు నాయనా" అని తాబేలు ఏడు సముద్రాలూ దాటించింది.

మేడ చూరు కింద పిచ్చుక గూడుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నూకలు వాటికి చల్లాడు. అప్పుడు తల్లిపిచ్చుక గుసగుసలాడింది. "గడప తొక్కావో బొమ్మవవుతావు. గడప మీదుగా ఏదైనా అందుకున్నావో బొమ్మవవుతావు. మర్యాదగా దాటినవాణ్ణి వాడేం చెయ్యలేడు. ఇంకోమాట. కప్పు మీద మట్టిజంతువులు బారులు తీరి కూర్చున్నాయి చూడు. చివరి చిలక మట్టిది కాదు. వాన పడితే రెక్కలు దులుపుకుంటుంది. వాడి ప్రాణం దాని గొంతులో ఉంది."

ధూమకేశుడు రానే వచ్చాడు. "ఇదిగో గంట" అని చెయ్యి చాపాడు.

"తప్పండీ. గడపకి మీరటూ నేనిటూ ఉండి ఇచ్చిపుచ్చుకోకూడదని మా అవ్వ చెప్పింది. నేనే వస్తాను."

నందివర్ధనుడు వంగి గడపని ముట్టి కళ్ళకద్దుకున్నాడు. "అమ్మ పుట్టింటి గడపా, అమ్మని పెంచి మాకిచ్చావు. నీకు దణ్ణం" అని కాలెత్తి, తగలకుండా లోపలికి దాటాడు.

అలా దాటినవాణ్ణి ధూమకేశుడు ఎన్నడూ చూడలేదు. భయపడి పక్కనుంచి బయటికి పరిగెత్తబోయి, ఆ తొందరలో తానే గడప మీద కాళ్ళు వేశాడు. తన మంత్రం తననే పట్టుకుంది. పాదాలు పింగాణీవై గడపకి అతుక్కుపోయాయి.

కప్పు మీది చిలక కెవ్వుమని కిందికి వాలింది. నందివర్ధనుడు జామపండు చూపించాడు. చిలక వచ్చి అతని చేతి మీద కూర్చుంది.

"దాని పీక నులమకు బాబూ" అని ధూమకేశుడు ఏడ్చాడు.

"చిలక పీక నులిమితే మా అవ్వ నన్ను ఇంట్లోకి రానిస్తుందా? ముందు అందర్నీ మనుషుల్ని చెయ్యి."

ధూమకేశుడు మంత్రం విప్పాడు. అన్నలిద్దరూ కళ్ళు నులుముకున్నారు. మేడలో బొమ్మలై పడి ఉన్న మేనమామ లేచాడు, ఆయన కూతురు కల్హార లేచింది. చిలక జామపండు కొరికి, దగ్గి, మిణుకుమంటున్న గింజలాంటి ప్రాణాన్ని ఉమ్మేసింది. "హమ్మయ్య, ఇక గొంతులో ముద్ద దిగుతుంది" అంది.

నందివర్ధనుడిచ్చిన ఆ గింజ మింగగానే ధూమకేశుడి పాదాల్లోకి మళ్ళీ నెత్తురు పారి, అవి గడపని వదిలాయి. ఎన్నాళ్ళకో ఆకలేసింది. కల్హార ఇంత అన్నం పెడితే కళ్ళనీళ్ళతో తిని, ఆ గంటలు తుడిచే పనిలోనే ఉండిపోయాడు.

గాలికి కట్టు వదిలింది. గంటలు మోగాయి.

"బావా, గడప దాటడానికే దణ్ణం పెట్టావు, సముద్రానికెన్ని పెట్టావు?" అంది కల్హార.

"సముద్రం దాటింది తాబేలు. ఆ దణ్ణాలు దానివి."

అందరూ ఓడెక్కి వచ్చారు. నందివర్ధనుడికీ కల్హారకీ పెళ్ళయింది, చాలాకాలం చల్లగా ఏలారు. అదంతా తర్వాత. వాళ్ళు ఇల్లు చేరిన మర్నాటి పొద్దున ఏం జరిగిందో మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది.

గంటల చప్పుడు వాళ్ళకంటే ముందే ఇల్లు చేరింది కదా. రాణి అప్పట్నుంచీ నిద్రలోనే ఉంది. అందుకని పొద్దున నగారా కొట్టలేదు. వంటవాళ్ళు గిన్నెల కింద గుడ్డలు పరిచారు. రాజుగారు స్వయంగా పెరట్లో కాకుల్ని తోలారు. పెద్ద కొడుకులిద్దరూ పసుపు గిన్నెలు పట్టుకుని, ఒక్కో గడపా కడిగి, పసుపు రాసి, "ఇంత చాలా అవ్వా?" అని గుసగుసగా అడిగారు.

"మూలలు వదిలేశారు" అంది అవ్వ.

వాళ్ళు మళ్ళీ వంగారు. అవ్వ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, తడి పసుపు చెదరకుండా దాటి, కోడలి పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.