మైనం గీకే పని

ఇది చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన టీ మరిగేలోపు అయిపోతుంది. కాకపోతే మా ఊళ్ళో టీ మరగాలంటే ముందు నీళ్ళు కరగాలి.

మా ఊరి పేరు లుంగ్‌మర్. హిమాలయాల్లో చివరి బస్సు ఆగే చోటునుంచి ఇంకో రోజు నడక. నవంబరులో దారి మూసుకుపోతే మళ్ళీ ఏప్రిల్ దాకా బయటినుంచి ఎవరూ రారు, కింది గ్రామం దాటి ఎవరూ పోరు. కాబట్టి ఒకరి సంగతులు ఒకరికి కాస్త ఎక్కువే తెలుస్తాయి. ఊరి పెద్ద తుండుప్‌కి ఉబ్బసం ఉన్నా దొంగచాటుగా చుట్ట కాలుస్తాడని వాళ్ళావిడకి తప్ప అందరికీ తెలుసు. దర్జీ లోబ్జాంగ్ కొలతలు తీసుకుని కూడా తన సైజుకే కుడతాడని అందరికీ తెలుసు. నా కొట్టు ఊరి నడిమధ్యన ఉంది. అలా ఉండడం నా తప్పు కాదు.

ఏం చెబుతున్నాను? జిగ్మెత్ గురించి.

ఊరికి పైన చిన్న గోంపా ఉంది. బౌద్ధ సన్యాసుల మఠం. అందులో ఉండేది ఇద్దరే. గురువు లామా చోస్ఫెల్, శిష్యుడు జిగ్మెత్. గురువుని ఊరంతా లామా తాత అంటుంది.

ముప్పై ఏళ్ళ కిందట ఎవరో విదేశీయుడు కొండెక్కడానికి వచ్చి, కాలు విరగ్గొట్టుకుని, తన స్నోబోర్డు గోంపాలో వదిలేసి వెళ్ళాడు. మంచు మీద నిలబడి జారే పలక అది. దాని మీద నిలబడడం లామా తాత తనంతట తనే నేర్చుకున్నాడు. మొదటి ఏడాది ఆయన ఎన్నిసార్లు పడ్డాడో మా అమ్మ పూసగుచ్చినట్టు చెప్పేది. నా గుణం ఆవిడదే.

ఊరి కింద పెద్ద వాలు. ఆ వాలు కింద షారా అనే గ్రామం. ఆరోగ్య కేంద్రం అక్కడుంది. వాలుకి పక్కగా ఉన్న గట్టు దారిన నడిస్తే దిగడానికి మూడు గంటలు. పలక మీద పావుగంట. తిరిగి ఎక్కిరావడం మాత్రం ఎవరికైనా సగం రోజే. ఏళ్ళ తరబడి చలికాలమంతా మాకు మందులు తెచ్చిపెట్టింది లామా తాతే. రెండేళ్ళ కిందట ఆయన మోకాళ్ళు మొరాయించాయి. ఇక పలక ఎక్కేది జిగ్మెత్తే అని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు జిగ్మెత్ అనుకున్నాడు.

"నన్నెప్పుడు పంపిస్తారు గురువుగారూ?" అని రోజూ అడిగేవాడు.

"సిద్ధమయ్యాక."

"నేను సిద్ధంగానే ఉన్నాను."

"పలక సంగతి చెబుతున్నాను," అన్నాడు లామా తాత.

పలకకి కింద మైనం పట్టించాలి. లేకపోతే మంచు దాన్ని పట్టుకుంటుంది. విదేశీయుడు వదిలిన మైనం ఎప్పుడో అయిపోయింది. గోంపాలో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలే మాకు మైనం. లోబ్జాంగ్ బొగ్గుల ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి, గోంపా వంటింట్లో రెండు పీటల మీద పలక బోర్లించి, ఇస్త్రీపెట్టెకి కొవ్వొత్తి ఆనిస్తే బొట్లుబొట్లుగా కారుతుంది. దాన్ని ఇస్త్రీ చేసినట్టు పలకంతా పరవాలి. ఆ చలికాలం మా ఊళ్ళో చొక్కాలన్నీ పూజ గదిలా వాసన వేశాయి.

జిగ్మెత్ మామూలుగా పూయలేదు. ఒక పూత, దాని మీద ఇంకో పూత, మళ్ళీ ఇంకోటి. ఇనప అంచులకి ఆకురాయి పెట్టి తుప్పంతా వదిలించాడు. చివరికి పలకని తెచ్చి గోంపా గుమ్మం ముందు నిలబెట్టాడు. తుండుప్ అందులో చూసుకుని మీసం సర్దుకున్నాడు.

"సిద్ధమేనా?" అని లామా తాత అడిగాడు.

"చూడండి గురువుగారూ, ఎలా మెరుస్తోందో!"

"అయితే వెళ్ళు."

ఊరంతా చూస్తుండగా జిగ్మెత్ పలక మీద నిలబడి, పట్టీలు బిగించుకుని, కదిలాడు. ఇరవై అడుగులు వెళ్ళాడో లేదో మంచు ఆ మందపాటి మైనాన్ని జిగురులా పట్టుకుంది. పలక ఆగిపోయింది. జిగ్మెత్ ఆగలేదు. పట్టీలు తెంపుకుని మొహం మంచులో పెట్టి ఇంకో నాలుగడుగులు వెళ్ళాడు.

"ఏరా జిగ్మెత్! పలక మీద పోతావనుకుంటే పలక కన్నా ముందే పోయావే!" అని తుండుప్ అరిచాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

నేను నవ్వలేదని చెప్పను.

సాయంత్రం ఇస్త్రీపెట్టె తెచ్చిపెట్టమని లోబ్జాంగ్ నన్ను గోంపాకి పంపాడు. పంపకపోయినా వెళ్ళేవాణ్ణి. లామా తాత జడలబర్రె కొమ్ముతో చేసిన గీకుడు చెక్క ఒకటి శిష్యుడి చేతికిస్తున్నాడు.

"గీకు."

"ఎంత?"

"అంతా."

జిగ్మెత్ మొహం ఇంకా ఎర్రగానే ఉంది. మంచు వల్ల కొంత, మా వల్ల కొంత. "అంతా గీకేసేదానికి అసలు పూయడం దేనికి గురువుగారూ?"

లామా తాత దగ్గరికి జరిగాడు. వాడి చెయ్యి పట్టుకున్నాడు. చలికి పగిలి, గీతల్లో నెత్తురు కనబడుతున్న చెయ్యి. గూట్లోంచి ఆప్రికాట్ గింజల నూనె తీసి, చేతి నిండా పోసి, వేళ్ళ సందులు కూడా వదలకుండా మర్దన చేశాడు. కాసేపు పొయ్యి దగ్గర పెట్టి ఉంచమన్నాడు. తర్వాత గుడ్డ తీసుకుని మొత్తం తుడిచేశాడు. గుడ్డ నానిపోయింది. చెయ్యి పొడిగా ఉంది.

అప్పుడు చెంబులోంచి నీళ్ళు ఆ చేతి మీద పోశాడు. నీళ్ళు పూసల్లా జారిపోయాయి.

జిగ్మెత్ చేతిని చాలాసేపు చూసుకున్నాడు. లామా తాత పొయ్యిలో పిడక వేయడానికి వెళ్ళాడు. నేను ఇస్త్రీపెట్టె అక్కడే మర్చిపోయి వచ్చాను.

మర్నాటి నుంచి ఇంకో పని పడింది. రోజూ తెల్లారగానే జిగ్మెత్ వాలు అంచుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా మంచులోకి దించాలి. పైన ఎలా ఉంది, జానెడు కింద ఎలా ఉంది, అడుగున ఎలా ఉంది చూడాలి. గడ్డకట్టే రోజైతే ఉత్త కొవ్వొత్తి, గట్టిది. ఎండ రోజైతే తేనె మైనం కలిపింది, మెత్తది. లామా తాత మెట్ల మీద కూర్చుని ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ ఏ మైనం?"

"గట్టిది గురువుగారూ."

తప్పు చెబితే ఏమీ అనేవాడు కాదు. పూసింది మొత్తం గీకించి మళ్ళీ పూయించేవాడు. పూయడం, గీకడం, కుంచెతో రుద్దడం. నెల రోజులు ఇదే. వాడు మెరుస్తోందని అనడం మానేశాడు.

జనవరిలో పంపించాడు. మొదటిసారి పావుగంట. నాలుగోసారి పన్నెండు నిమిషాలు. లామా తాత కూడా ఎప్పుడూ అంత తొందరగా దిగలేదు. తుండుప్ ఇప్పుడు "మా జిగ్మెత్" అనసాగాడు. వాడు దిగుతున్నాడంటే చాలు, ఊరంతా వాలు అంచున చేరేది. లోబ్జాంగ్ వాడికి ఎర్ర చొక్కా కుట్టాడు. అది లోబ్జాంగ్‌కే సరిపోయేది. అయినా జిగ్మెత్ తొడుక్కునేవాడు. చప్పట్లు కొడితే వినబడనట్టు నటించేవాడు. అంత బాగా ఏం నటించేవాడు కాదు.

ఫిబ్రవరిలో రెండు రోజులు విపరీతంగా మంచు కురిసింది. మూడోరోజు వెచ్చటి గాలి వీచింది. ఆ ఉదయమే తుండుప్‌కి ఉబ్బసం ఎక్కువైంది. మందు పీల్చే గొట్టంలో ఇంకో రెండు మూడు పీల్పులే మిగిలాయి. సాయంత్రానికల్లా కొత్తది రాకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. తుండుప్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వాలు అంచుకి మోసుకొచ్చారు. తను ఇంట్లో ఉండి ఊపిరాడక చస్తే ఆ జారడం చూడలేనన్నాడు.

తొమ్మిదింటికి జిగ్మెత్ ఎర్ర చొక్కా వేసుకుని పలకతో వచ్చాడు. అంచులు పదునుగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మంచులోకి దించాడు.

చాలాసేపు తియ్యలేదు.

తీసి, పిడికిలి విప్పి చూసుకున్నాడు. పైపొర మంచు ముద్ద కడుతోంది. అడుగున ఉన్నది పంచదారలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. ఆ రెండు పొరలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని లేవు. దగ్గరగా ఉన్నాను కనక నాకు కనబడింది. కనబడితే మాత్రం నాకేం తెలుస్తుంది?

"కానియ్యి... నాయనా... తొందరగా," అన్నాడు తుండుప్, ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి ఖర్చుపెట్టి.

మెట్ల మీంచి లామా తాత అడిగాడు. "ఇవాళ ఏ మైనం?"

జిగ్మెత్ వాలుకేసి చూశాడు. మాకేసి చూశాడు.

"ఏదీ కాదు గురువుగారూ."

పలకని గోంపా గోడకి ఆనించాడు. ఎర్ర చొక్కా విప్పి దాని మీద వేశాడు. చేతికర్ర తీసుకుని గట్టు దారిన నడక మొదలుపెట్టాడు.

వెనకనుంచి చాలా మాటలన్నాం. పిరికివాడని లోబ్జాంగ్ అన్నాడు. నేనన్నది ఇక్కడ రాయను.  లామా తాత లేచి పలకని లోపల పెట్టి తలుపు వేశాడు.

పదకొండింటికి వాలు మీది మంచు మొత్తం ఒక్కసారిగా విరిగి కిందికి వెళ్ళిపోయింది. నా కొట్టులో రెండు బిస్కెట్ డబ్బాలు పడ్డాయి. ఆ చప్పుడు ఆగాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఊళ్ళో అదివరకు అలా జరగలేదు.

జిగ్మెత్ చీకటి పడేముందు గట్టు దారిన మందుతో వచ్చాడు. తుండుప్ రెండుసార్లు పీల్చుకున్నాడు.  తర్వాత, "వాలు పడింది పదకొండింటికి కదా. తొమ్మిదింటికే పలక ఎక్కుంటే తొమ్మిదింపావుకి షారాలో ఉండేవాడివి," అన్నాడు.

ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్ళకి అదే చెబుతాడు. మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెబుతాడు.

జిగ్మెత్ దొరికితే జిగ్మెత్‌కే చెబుతాడు.

"ఉండేవాణ్ణేమో పెద్దయ్యా," అని వాడు మైనం గీక్కుంటుంటాడు.