గడ్డ తల

"అది కాదు తాతా, నువ్వొక్క మాట చెప్తే చాలు. వీడికి పనొచ్చు అని. అంతే."

"చెప్తాలే. వాళ్ళని రానీ."

"రేపే వస్తున్నారు గదా."

"రేపే చెప్తా."

సుంకన్న పక్కనే కూర్చున్నాడు. బయన్న తాత గునపం మొన రాయి మీద సాన పెడతానే ఉన్నాడు.

తాత చెంచు. నల్లమలలో పన్నెండు గుడిసెల గూడెం ఆయనది. సుంకన్నది దోర్నాల. చిన్నప్పుడు వాళ్ళింట్లో పొయ్యి వెలగని రోజులు చాలా ఉన్నాయి. మూడేళ్ళ కిందట తాత దగ్గరికొచ్చి, అడవిలో తిండి ఎట్టా దొరుకుద్దో నేర్పమని అడిగాడు. తాత సరే అనలేదు, కాదనలేదు. గునపం చేతికిచ్చి ముందు నడిచాడు. అప్పట్నుంచి వెనకాలే తిరుగుతున్నాడు.

ఈమధ్య గూడేనికి ఒక సంస్థ వాళ్ళు వచ్చిపోయారు. దేశదేశాల వాళ్ళు కలిసి పెట్టుకున్న సంస్థంట. చేలూ అడవులూ చెడిపోకుండా వాటిల్లోంచి తిండి తీసుకోవడం అందరికీ నేర్పితే ఆకలి తగ్గుద్దని వాళ్ళ నమ్మకం. పని తెలిసినోళ్ళని ఒక దేశం నుంచి ఇంకో దేశం తీసకపోయి, అక్కడి అడవి పల్లెల్లో నేర్పిస్తారు. ముందు తాతనే రమ్మన్నారు. తాత మోకాళ్ళు చూపించాడు. మరి మీ తరఫున ఎవరు, అంటే మళ్ళీ వచ్చినప్పుడు చెప్తా అన్నాడు.

అందుకే సుంకన్నకి నిద్ర పట్టడం లేదు.

"నూట పద్నాలుగు రకాలు రాసుకున్నా తాతా, నోటుబుక్కులో. ఆకులు, కాయలు, గడ్డలు అన్నీ."

"అబ్బో. నాకన్ని తెలవ్వే," అన్నాడు తాత.

ఎగతాళో, నిజంగానే అన్నాడో సుంకన్నకి అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే జీపొచ్చింది. తెలుగు మాట్లాడే విజయభారతి మేడం, కెన్యా నుంచి వచ్చిన వాంజిరు అనే పెద్దామె దిగారు. తాత వాళ్ళకి మంచం వాల్చి, సుంకన్నని పిలిచాడు.

"చుట్టాలొచ్చారు. గడ్డ తవ్వకరా పో. వాగు పైన, ఎర్ర బండ పక్కన తీగ ఉందే, అది."

సుంకన్న గునపం తీసుకుని ఒక్క పరుగున పోయాడు.

నేల గట్టిగా ఉంది. రెండు గంటలు పట్టింది. గడ్డ మోచెయ్యంత పొడుగు దిగింది లోపలికి. ఎక్కడా గాటు పడకుండా, విరక్కుండా, చుట్టూ మన్ను చేత్తో తీసుకుంటా, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తాడు. పైన తీగ మూరెడు ఉంచి తెంపాడు. భుజాన పెట్టుకుని దిగొచ్చాడు.

గూడెంలో ఆడోళ్ళు ఆ గడ్డని చూసి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంత పెద్దది చూసి ఆశ్చర్యపోయారు అనుకున్నాడు సుంకన్న.

"ఇటు తిరుగు సుంకన్నా, కొంచెం పైకెత్తు," అని మేడం ఫొటోలు తీసింది. ఫోనులో చూపిస్తే వాడు తల వొంచి చూసుకున్నాడు. బాగా వచ్చాయి.

ఫొటోల్లోంచి తల ఎత్తేసరికి గడ్డ పొయ్యి దగ్గరుంది. పైన బెత్తెడు ముక్క లేదు. తాత కూడా లేడు.

"తాతేడీ?"

వాంజిరు ఒక్కతే లేచింది. ఆమెకి తెలుగు రాదు. వాడి ముందు కింద కూర్చుని, రెండు చేతుల్తో మట్టి దగ్గరికి లాక్కుని, అరచేతుల్తో మెల్లగా తట్టింది. తర్వాత వాగు వైపు చూపించింది.

సుంకన్న పరిగెత్తాడు.

మూడేళ్ళుగా తాతతో ఎన్ని గడ్డలు తవ్వాడో లెక్కలేదు. ఎప్పుడూ పక్కనించి తవ్వి, కింద గడ్డ కోసుకుని, మళ్ళీ ఊరడానికి తల తీగతోనే వదిలి మన్ను కప్పి వచ్చేవాళ్ళు. ఒక్కసారి కూడా తల బయటికి తీయలేదు.

తాత గుంట పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ళూ పట్టేసినట్టున్నాయి, ఒక కాలు చాపుకున్నాడు. బెత్తెడు ముక్క గుంటలో నిలబెట్టి, చేత్తో మన్ను తోస్తున్నాడు.

సుంకన్న ఎదురుగా కూలబడి తనూ మన్ను తోశాడు.

"మర్చిపోయావా?" అన్నాడు తాత.

అవునంటే సరిపోయేది.

"లేదు తాతా. గుర్తొచ్చింది. నిండుగా కనపడాలని తీశా."

తాత తలూపాడు. మన్ను మీద ఎండుటాకులు కప్పాడు.

"ఇది మా అమ్మ తవ్విన తీగరా. మా అమ్మకి వాళ్ళత్త చూపించింది."

సుంకన్న ఆయన చెయ్యి భుజం మీద వేసుకుని కిందికి దింపుకొచ్చాడు. దారిలో రెండుసార్లు ఆగారు.

గూడెంలో గడ్డ ఉడికింది. ఆకుల్లో పెడుతున్నారు. మేడం కాగితం, పెన్ను పట్టుకుని తాత దగ్గరికొచ్చింది.

"తాతా, మీరు చెప్తా అన్న మాట. సుంకన్నకి పనొచ్చినట్టేనా? పేరు రాసుకోమంటారా?"

తాత నోరు తెరిచే లోపల సుంకన్నే ముందుకొచ్చాడు.

"రాలేదు మేడం. నేనియ్యాల తల పెరికి తెచ్చినా. అది మళ్ళీ బతుకుద్దో లేదో తెలీదు. ఆ ఫొటో ఎవరికీ చూపించొద్దండి. ఇంకెవర్నైనా తీసకపోండి."

మేడం ఆ మాట వాంజిరుకి చెప్పింది. వాంజిరు తాత వైపు చూసింది. మేడం కూడా చూసింది. సుంకన్న మాత్రం నేల చూస్తున్నాడు.

తాత చెంబుతో నీళ్ళు తీసుకుని చేతుల మన్ను కడుక్కున్నాడు. తీరిగ్గా తుడుచుకున్నాడు. ఆయన అన్న మాట అన్నట్టే చెప్తున్నా:

"వాడు పొద్దున్నుంచి ఏం తినలా. ముందు వాడికి ఆకెయ్యండి. తిన్నాక తీసకపోండి."