తెగులు మొదటి బొమ్మ

రంగుల ఫొటోలు ఇంకా రాని రోజుల్లో, కృష్ణా నది ఒడ్డున ఒక వ్యవసాయ క్షేత్రంలో పంటల తెగుళ్లకు బొమ్మలు వేయడానికి దస్తగిరి సాహెబ్ అనే పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గర కేదారాచారి అనే యువకుడు పని నేర్చుకుంటున్నాడు. కంసాలుల ఇంటివాడు కావడంతో వేళ్లలో ఓర్పు ఉంది.

కేదారాచారి తమలపాకు మచ్చ తెగులుకు పదకొండు రోజులు కూర్చుని బొమ్మ వేశాడు. భూతద్దంలో చూసి ఒక్కో ఈనె గీశాడు. గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ పసుపు అంచు. క్షేత్రంవాళ్లు దాన్ని పట్నంలో అచ్చు వేయించి ఊరూరా గోడలకు అంటించారు.

ఒకరోజు ఆకుతోట సూరమ్మ గుప్పెడు ఆకులు తెచ్చింది.

"ఇది ఆ తెగులేనా, బాబూ?"

ఆకుల మీద తడి ఆరనట్టున్న చిన్న చుక్కలు తప్ప ఏమీ లేవు. కేదారాచారి వాటిని తన బొమ్మ పక్కన పెట్టి చూశాడు.

"కాదమ్మా. నీళ్ల మరక."

ఆ తర్వాత తొమ్మిదో రోజు సూరమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో ఒక్కటే ఆకు. దాన్ని బొమ్మ పక్కన పెట్టింది.

"నీ బొమ్మ నిజమే, బాబూ. సరిగ్గా ఇలాగే వచ్చింది. సగం తోట పోయింది."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి తల ఎత్తాలనిపించలేదు.

లోపలికి వెళ్లి గురువును అడిగాడు. "ఉస్తాద్‌గారూ, నా బొమ్మలో తప్పెక్కడుంది?"

సాహెబ్ లేచాడు. ముందు గదిలోకి వచ్చి, కిటికీ దగ్గర తన కుర్చీని సూరమ్మకు చూపించాడు.

"కూర్చో తల్లీ. మిగిలిన సగం తోటలోంచి ఒక ఆకు తెప్పించు. నువ్వు మొదట ఏం చూశావో మా కేదారాచారికి చూపించు."

ఆకు వచ్చింది. పచ్చగా నిగనిగలాడుతోంది. సూరమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఈనె పక్కన ఆవగింజంత చోట పచ్చదనం కొంచెం పలచబడి, తడి ఆరనట్టు ఉంది. కేదారాచారి ముందు చూడలేకపోయాడు. ఆమె చిటికెన వేలితో చూపించాక కనబడింది.

సాహెబ్ కాగితం ముందుపెట్టాడు. గోధుమరంగు కలిపిన గిన్నె తీసి అవతల పెట్టాడు.

"గీయి."

సాయంత్రం దాకా గీశాడు. ఆకుపచ్చలో ఆకుపచ్చ కలిపి, మళ్లీ నీళ్లతో పలచన చేసి, ఆ ఒక్క చుక్క కోసం నాలుగు కాగితాలు పాడుచేశాడు. మచ్చ ఎక్కువైతే సూరమ్మ తల అడ్డంగా ఊపేది.

"చూసినవాళ్లు దీన్ని మంచి ఆకు అనుకుంటారు, ఉస్తాద్‌గారూ," అన్నాడు చివరికి.

"నువ్వూ అనుకున్నావు," అన్నాడు సాహెబ్.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ తోటకు వెళ్లారు. సూరమ్మ ఆ బొమ్మను కూలివాళ్ల చేతుల్లో పెట్టింది. వాళ్లు దాన్ని చూసి, సాళ్లలోకి వెళ్లి, ఆకుల్ని వెలుతురుకు తిప్పి చూస్తూ ఏరడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి రెండు గంపలు నిండాయి. వాటిని దూరంగా తీసుకెళ్లి తగలబెట్టారు. మిగిలిన తీగల్లో చాలా మటుకు నిలిచాయి. అది తేలడానికి ఇంకో నెల పట్టింది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. ముసలి కూలిమనిషి ఒకామె ఆకునూ బొమ్మనూ పక్కపక్కన పట్టుకుని కేదారాచారి దగ్గరికి వచ్చింది.

"ఇదే కదయ్యా?"

అతను భూతద్దం కోసం జేబులో చెయ్యి పెట్టి, దాన్ని తియ్యకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆకును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇదే."

ఆమె వెళ్లాక కాగితం వైపు చూసి అన్నాడు. "దీని కింద నా పేరు రాయడం మరిచిపోయాను, ఉస్తాద్‌గారూ."

సాహెబ్ అప్పటికే వంగి పక్క తీగను చూస్తున్నాడు.

"ముందు ఈ సాలు పూర్తి చేద్దాం, రా."